1500 లోపు గట్టి బాస్ ఇచ్చే ఇయర్‌ఫోన్స్, బెంగళూరులో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

పీజీ_మూడో_అంతస్తు:

అందరికీ నమస్తే. మాది కదిరి. ఏడాదిన్నరగా మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా, ఆఫీసు బెళ్ళందూరులో. రోజూ 500డి బస్సు. దూరం చూస్తే ఐదారు కిలోమీటర్లే, కానీ ఔటర్ రింగ్ రోడ్డు సంగతి మీకు తెలియంది కాదు. పొద్దున ముప్పావు గంట, సాయంత్రం గంటకు పైనే. అంతసేపు చెవుల్లో ఏదో ఒకటి మోగకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

నేను వినేది తీన్మార్ డప్పులు, డీజే మిక్సులు, జాతర పాటలు. మెలోడీల జోలికి పెద్దగా పోను. ఊళ్ళో ట్రాక్టర్ మీద బాక్సులు పేర్చి మోగిస్తుంటే ముందు నిలబడ్డవాడికి పొట్టలో దడదడలాడుతుంది చూడండి, అందులో పదో వంతు వచ్చినా చాలు.

ఇప్పటికి రెండు కొన్నా. మొదటిది ఆన్‌లైన్‌లో 400. రెండోది పోయిన నెల ఎస్పీ రోడ్డులో (ఎలక్ట్రానిక్స్ బజారు) ఒక షాపులో 650. అట్ట మీద ‘ఎక్స్‌ట్రా బాస్’ అని అరచేతంత అక్షరాలు. చెవిలో పెడితే నూనె డబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంది. షాపాయన్ని అడిగితే "రెండు వారాలు వాడండి సార్, స్పీకర్ ఫ్రీ అవుతుంది" అన్నాడు. మూడు వారాలైంది. అది ఫ్రీ కాలేదు, నేనే దానికి అలవాటు పడుతున్నా.

తమాషా ఏంటంటే మా రూమ్మేట్ అవే పెట్టుకుని "బాగానే కొడుతోంది కదరా" అంటాడు. చెవుడు వాడికో నాకో అర్థం కావట్లేదు.

బడ్జెట్ 1500. వైరుదైనా, బ్లూటూతైనా ఓకే. ఫోన్‌కి టైప్ సి తప్ప మామూలు జాక్ లేదు. 12 ఎంఎం డ్రైవర్‌కి (లోపలుండే చిన్న స్పీకర్) 10 ఎంఎం కంటే బాస్ ఎక్కువంటున్నారు, నిజమేనా?

కోరమంగళ_కాకి:

బ్లూటూత్ బడ్స్ తీసుకో బ్రో, ఏఎన్‌సీ (బయటి రొదని తగ్గించే ఏర్పాటు) ఉన్నవి. బస్సు ఇంజను రొద అంతా కింది సౌండే. అది నీ బాస్‌ని మింగేస్తుంది. ఏఎన్‌సీ బాగా పనిచేసేది ఆ కింది రొద మీదే. 1500లో ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. వైర్లు ఎవడు మోస్తాడు ఈ కాలంలో.

సౌండ్_సర్వీస్_కొడుకు:

తమ్ముడూ, కొనేముందు ఒక్క నిమిషం ఆగు. నీ పోస్టులో అసలు విషయం నువ్వే రాసి వదిలేశావు. అదే ఇయర్‌ఫోన్ మీ రూమ్మేట్ చెవిలో కొడుతోంది, నీ చెవిలో కొట్టడం లేదు. అంటే తేడా వస్తువులో లేదు, చెవిలో ఉంది.

మా నాన్నది మదనపల్లెలో సౌండ్ సర్వీసు. పెళ్ళిళ్ళకు, జాతరలకు బాక్సులు, మైకులు అద్దెకిచ్చేవాడు. నేను పదో తరగతి దాకా సెలవులన్నీ ఆ వ్యాన్ వెనకే గడిపా. అక్కడ నేర్చుకున్నది చెప్తా. 15 అంగుళాల స్పీకర్‌ని బాక్సులోంచి ఊడదీసి ఉత్తగా బల్ల మీద పెట్టి మోగించు. కీచుమంటుంది తప్ప దమ్ము రాదు. కోన్ ముందుకు తోసిన గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది, ఒకదాన్నొకటి తినేస్తాయి. బాక్సులో బిగిస్తేనే ఆ గాలి దెబ్బ నీ దాకా వస్తుంది.

ఇయర్‌ఫోన్‌కి నీ చెవి రంధ్రమే బాక్సు. లోపల ఉండే గాలి ఒక మిల్లీలీటరు అటూ ఇటూ. అంత కొంచెం గాలిని నొక్కడానికి చిన్న డయాఫ్రమ్ (డ్రైవర్‌లో వణికే పొర) చాలు, అందుకే 400 రూపాయల ముక్క కూడా 30 హెర్ట్జ్ అంత కింది సౌండ్ దాకా కొట్టగలదు. కానీ ఇయర్‌ఫోన్ కొసన ఉండే రబ్బరు పక్కన వెంట్రుకంత సందున్నా మొదట కారిపోయేది బాస్. పైన గొంతులు, తాళాలు అలాగే వినపడతాయి. దాంతో మనం వస్తువే బాగోలేదనుకుంటాం.

ఈ రాత్రి ఒక పని చెయ్. యూట్యూబులో 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా పోయే టోన్ దొరుకుతుంది, పెట్టు. 40 దగ్గర ఉన్నప్పుడు రెండు ఇయర్‌ఫోన్లను వేలితో మెల్లగా లోపలికి నొక్కు. గుమ్మని ఒక్కసారిగా పెరిగితే రబ్బరు సైజు తప్పు. అట్టపెట్టెలో ఇంకో రెండు జతల రబ్బర్లు ఇచ్చి ఉంటారు, పారెయ్యలేదు కదా? ఒక్కో చెవికి విడివిడిగా చూడు. చాలామందికి రెండు చెవులు ఒక్కలా ఉండవు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి పెట్టు.

12 ఎంఎం సంగతి: పెద్ద డ్రైవర్ అయితే బాస్ ఎక్కువని గ్యారంటీ ఏమీ లేదు. ఎలా ట్యూన్ చేశారన్నదే లెక్క. అట్ట మీద ‘20–20,000 హెర్ట్జ్’ అని ఉంటుంది, అదీ పట్టించుకోకు. ఎన్ని డెసిబెళ్ళ (సౌండ్ బలానికి కొలత) తేడాలో అన్నది రాయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. మా ఊరి లారీ వెనక ‘ఆల్ ఇండియా పర్మిట్’ అని ఉన్నట్టే, బండి మాత్రం చిత్తూరు దాటదు.

పీజీ_మూడో_అంతస్తు:

అన్నా!! నొక్కితే గుమ్మంది. నిజంగా ఉలిక్కిపడ్డా.

రబ్బర్ల కవరు బ్యాగు అడుగున దొరికింది. ఎడమ చెవికి మీడియమే సరిపోయింది. కుడి చెవికి పెద్దది పెట్టాల్సి వచ్చింది. పెద్దది పెట్టాక కూడా నవ్వితే, దవడ కదిలిస్తే జారి మళ్ళీ పలచబడుతోంది. రూమ్మేట్‌కి మీడియం సరిపోయిందన్నమాట, వాడి ముందు పరువు పోయింది.

అయినా 1500 పక్కన పెట్టేశా కాబట్టి ఏదో ఒకటి కొనాలనే ఉంది. ఇంకా మంచిది ఉంటుంది కదా?

జాంకాయ_ఉప్పుకారం:

బాస్ రాలేదని ఇన్నాళ్ళూ వాల్యూమ్ ఎంతలో పెట్టుకున్నావ్? నిజం చెప్పు.

అడిగింది ఎందుకంటే నేను రెండేళ్ళు నైట్ షిఫ్టులో అదే చేశా. బయట రొద, బాస్ చాలదు, ఇంకో గీత పెంచు, ఇంకో గీత. ఇప్పుడు రాత్రి ఫ్యాన్ ఆపితే ఎడమ చెవిలో గుయ్‌మని సన్నగా మోగుతూనే ఉంటుంది. డాక్టరమ్మ "ఇది తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు" అన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకు టైము సగమవుతుంది. నీ బస్సు గంటలు కలిపితే వారానికి సుమారు పది, అంటే 86 దాటకూడదు. ఇంకోటి, తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి కింది సౌండ్ సహజంగానే తక్కువ వినపడుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫు గీశారు. కాబట్టి బాస్ కావాలంటే ఈక్వలైజర్‌లో (కింది, పై సౌండ్లను విడివిడిగా మార్చే సెట్టింగు) బాస్ ఒక్కటే పెంచు తమ్ముడూ, మొత్తం వాల్యూమ్ కాదు.

పీజీ_మూడో_అంతస్తు:

అక్కా, 90 శాతంలో. బస్సు సిగ్నల్ దగ్గర ఆగితే పక్క సీటాయన నా పాట వినేవాడు. ఇప్పుడు 60కి తగ్గించా, సరిపోతోంది.

సౌండ్_సర్వీస్_కొడుకు:

అక్క చెప్పింది రాసిపెట్టుకో. ఆండ్రాయిడ్ అయితే ప్రీయాంప్ (మొత్తం సౌండ్ మట్టాన్ని మార్చే మీట) ఉన్న ఈక్వలైజర్ యాప్ వేసుకో. 60 హెర్ట్జ్ చుట్టుపక్కల 5 డెసిబెళ్ళు పెంచితే, ప్రీయాంప్ అంతే 5 తగ్గించు. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు. తగ్గించకపోతే డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా సౌండ్ చీలిపోతుంది, అప్పుడు మళ్ళీ ఇయర్‌ఫోన్‌ని తిడతారు.

ముందు రెండు మూడొందల్లో రబ్బర్ల బదులు పెట్టే స్పాంజ్ టిప్స్ ఒక జత కొను. వేళ్ళతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి, అర నిమిషం వేలితో పట్టుకుంటే లోపల ఉబ్బి బిగుసుకుంటుంది. దవడ కదిలినా జారదు. బస్సు రొదా కొంత తగ్గుతుంది. కొన్ని నెలలకు పాడవుతాయి, మళ్ళీ కొనాలి, అదొక్కటే గొడవ.

ఇయర్‌ఫోన్ మార్చాలనే ఉంటే నా ఓటు వైరుకే. కాకి చెప్పిన ఏఎన్‌సీ మాట తప్పు కాదు, బస్సులో అది పనికొస్తుంది. కానీ 1500లో బ్యాటరీకి, చిప్పుకి, మైకులకి, ఛార్జింగ్ డబ్బాకి పోగా డ్రైవర్‌కి మిగిలేదెంత? నీ జాతర పాటలకు కేజెడ్ అనే కంపెనీ ఈడీఎక్స్ ప్రో సరిపోతుంది, 10 ఎంఎం డ్రైవర్ ఒక్కటే ఉంటుంది, వైరు విడిగా తీసి పెట్టుకోవచ్చు, తెగితే వైరు మాత్రం మార్చుకోవచ్చు. ఇంకాస్త పొట్టలో దడ కావాలంటే కేజెడ్ క్యాస్టర్‌లో బాస్ రకం చూడు, ఆఫరు ఉన్నప్పుడు. మూన్‌డ్రాప్ కంపెనీ ‘చూ’ అనే మోడల్‌ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటా, కానీ అది గొంతులు, వయొలిన్ వినేవాళ్ళకి. నీకు చప్పగా ఉంటుంది.

టైప్ సి కన్వర్టర్ కొనేటప్పుడు లోపల డాక్ చిప్పు (ఫోన్‌లోని డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్ మోగించే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే అడుగు. ఉత్త వైరు మాత్రమే ఉన్నవి అమ్ముతుంటారు, అవి కొన్ని ఫోన్లలోనే పలుకుతాయి. షాపులోనే నీ ఫోన్‌కి పెట్టి చూసి డబ్బులివ్వు.

వైరు విడిగా వచ్చేవి తీసుకుంటే ఒక జాగ్రత్త. ఒకసారి పలమనేరులో పెళ్ళికి నేనే బాక్సుల వైర్లు కలిపా. ఒక బాక్సుకి ప్లస్ మైనస్ తారుమారు చేశా. డోలు మోగుతోంది గానీ పందిట్లో దమ్మే లేదు. నాన్న పందిరి అంతా తిరిగి, బాక్సు వెనక్కెళ్ళి, రెండు వైర్లు మార్చి పెట్టి, నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. ఇయర్‌ఫోన్‌లో కూడా ఒక పక్క పిన్నులు తిరగేసి గుచ్చితే బాస్ డొల్లగా, తల బయట ఎక్కడో తేలుతున్నట్టు వస్తుంది.

కోరమంగళ_కాకి:

నా పాత బడ్స్‌కి కూడా రబ్బర్లు మార్చి చూశా. ఏం మాట్లాడను ఇక.

పీజీ_మూడో_అంతస్తు:

శనివారం ఎస్పీ రోడ్డుకెళ్ళి స్పాంజ్ టిప్స్, డాక్ ఉన్న కన్వర్టర్ తెచ్చా. ఈడీఎక్స్ ప్రో ఆన్‌లైన్‌లో వచ్చింది. పాతవి రూమ్మేట్‌కి ఇచ్చేశా. నిన్న బస్సు జామ్‌లో ఆగినప్పుడు డప్పు మిక్స్ పెట్టుకుంటే కాలు దానంతటదే ఆడింది, పక్కన కాలేజీ పిల్లలు నవ్వుకున్నారు కూడా.

ఒక కొత్త తలనొప్పి అన్నా. స్పాంజ్ బిగుసుకున్నాక నడుస్తుంటే అడుగు వేసినప్పుడల్లా తలలో దబ్ దబ్‌మంటోంది. వైరు చొక్కాకి తగిలినా గరగర వినపడుతోంది. ఇది మామూలేనా, నాదే ఏదైనా తేడానా?

సౌండ్_సర్వీస్_కొడుకు:

మామూలే. చెవి మూసుకుంటే ఒంట్లో పుట్టే చప్పుడు బయటికి పోయే దారి లేక లోపలే మోగుతుంది. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని నడిచి చూడు, అదే చప్పుడు. వైరు గరగరకి మందుంది: వైరుని చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకో, ఈడీఎక్స్‌ని అలా పెట్టుకోవడానికే చేశారు. కింద చొక్కాకి ఒక క్లిప్పు పెట్టు. అడుగుల చప్పుడు మాత్రం కొంచెం ఉంటుంది, బస్సులో కూర్చుంటే ఉండదు కదా.

బస్సులో మురుకులు మాత్రం తినకు. డప్పు బదులు పళ్ళే వినపడతాయి.