ఉప్పులేని కూర: యొప్పదా, హీనంబా?

డల్లాస్ తెలుగు: రేపు థాంక్స్‌గివింగ్. ఉన్నది నలుగురమే కాబట్టి పక్షి మొత్తం కాకుండా ఎముకతో ఉన్న టర్కీ బ్రెస్ట్ తెచ్చాను. ఇందాకే తోలు కింద వేళ్లు దూర్చి ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. అప్పట్నుంచీ వేమన పద్యం నోట్లో ఆడుతోంది: "ఉప్పులేని కూర ... రుచులకు". మధ్యలో నాన్నగారు "హీనంబు" అనేవారు. మా ఆవిడ "యొప్పదు" అంటోంది. ఏది సరి? ఓవెన్‌లో కాల్చినదాన్ని అసలు కూర అనొచ్చా?

ఛందోప్రియ: మీ ఆవిడగారిదే సరి. ఈ పద్యం ఆటవెలది అనే ఛందస్సు. దాని మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదిరే అక్షరం, నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట పడాలి. కూర + ఒప్పదు. ఉకారానికి ఒకారం స్వరయతి (అచ్చుల పొంతన), పైగా ఉప్పు–ఒప్పు అని ప్రాసయతి (రెండో అక్షరాల పొంతన) కూడా. "హీనంబు" తగణం, అదీ అక్కడ చెల్లేదే కాబట్టి గణం చెడదు కానీ, ఉ–ఈ ఎక్కడ కలుస్తాయి?

గోదావరి గట్టు: మాస్టారూ, వేమన్ని యతితో కొలవకండి. మా తాతగారి నోట నేను విన్నది "హీనంబు రుచులకు". ఆ మాటలో ఈసడింపు ఉంది. "ఒప్పదు" అంటే ఏదో మర్యాదగా కాదన్నట్టుంటుంది. వేమన మర్యాదకి పోయేవాడా?

ఛందోప్రియ: రెండో పాదం "పప్పులేని తిండి ఫలము లేదు"లో ప–ఫ, మూడో పాదంలో "అప్పులేనివాడె యధిక" దగ్గర అ–అ. రెండుచోట్లా యతి నిలిపినవాడు మొదటి పాదంలోనే వదిలేస్తాడా? వేమన పద్యాలను అచ్చువేసిన సి.పి. బ్రౌన్ 1829 నాటి ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే, అందులో ఈ పద్యం ఉందేమో చూసి చెప్పండి.

ఓరుగల్లు పిల్ల: అసలు చూడాల్సింది "కూర"ను. మా దిక్కు "ఇయ్యాల కూర తెచ్చిన్రు" అంటే మాంసమే. తమిళంలో కఱి అన్నా మాంసమే కదా. డల్లాస్ అన్నా, మీ టర్కీ ఓవెన్‌ల కాలినా కూరనే!

గోదావరి గట్టు: అమ్మాయ్, మా వైపు కూరంటే ముందు గుర్తొచ్చేది కాయా ఆకూనే. శ్రీనాథుడి చాటువు గుర్తు తెచ్చుకో: "తింత్రిణీపల్లవయుక్తమౌ నుడుకుబచ్చలి శాకము జొన్నకూటితో". అంటే చింతచిగురేసిన వేడివేడి బచ్చలి, జొన్నన్నంతో. పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, ఇదొక్క ముద్ద మింగు చూద్దాం అని సాక్షాత్తూ కృష్ణుడికే సవాలు! నాలుక మీద అంత పట్టున్న కవి మనకు మరొకడు లేడు. ఉడుకుబచ్చలి అన్నప్పుడు ఆ ఆవిరి ముఖానికి తగులుతుంది.

ఓరుగల్లు పిల్ల: పద్యం గొప్పదే పెద్దాయనా. కానీ అందులో ఉన్నది "శాకము", "కూర" కాదు.

హ్యూస్టన్ అత్తయ్య: పద్యం సంగతి మీరు తేల్చుకోండి, నేను ఉప్పు సంగతి చెబుతాను. టర్కీ బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ, అందుకే తొందరగా పిండిలా పొడిబారుతుంది. ఉప్పు ముందు నీటిని బయటికి లాగుతుంది, ఆ నీళ్లలోనే కరిగి మళ్లీ లోపలికి దిగుతుంది. అప్పుడు మాంసం కాలేటప్పుడు తేమను అంత సులువుగా వదలదు. మూత పెట్టలేదు కాబట్టి తోలు ఆరి కరకరలాడుతుంది. నాయనా, ఓవెన్ 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తక్కువ పెట్టకు. ఎముకకు తగలకుండా బాగా మందంగా ఉన్నచోట థర్మామీటర్ గుచ్చి, 165 వచ్చిందాకా ఉంచు. తీశాక పదిహేను, ఇరవై నిమిషాలు కత్తి పెట్టకు. పైన వేసుకునే ఉప్పు నాలుకకే తెలుస్తుంది, లోపలికి వెళ్లదు. వేమన "రుచులకు" అని బహువచనం వేసింది అందుకేనని నా నమ్మకం.

ఛందోప్రియ: అత్తయ్యగారూ, ఆ బహువచనం నాలుగో గణం తర్వాత నలం (నాలుగు పొట్టి అక్షరాల గణం) కోసం. "రుచికి" అంటే పాదం కుంటుతుంది.

హ్యూస్టన్ అత్తయ్య: గణం కోసం వేసిన మాటకు అర్థం ఉండకూడదా?

డల్లాస్ తెలుగు: ధన్యవాదాలు అత్తయ్యా, 165 రాసుకున్నాను. మా ఆవిడ ఇంకోటి అడుగుతోంది. రెండో పాదం "పప్పులేని తిండి ఫలము లేదు" కదా, వాళ్లింట్లో "బలము లేదు" అనేవారట.

గోదావరి గట్టు: బలమే! పప్పులో ఉన్నది బలం. దానికి ఫలమేమిటి?

ఛందోప్రియ: పకారానికి ఫ అయినా బ అయినా యతి చెల్లుతుంది. ఇక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు. నా ఓటు మాత్రం "ఫలము"కే.

ఓరుగల్లు పిల్ల: అయితే పప్పు లేకుంట టర్కీ తింటే బలమున్నట్టా, లేనట్టా?