ఆగస్టు 29 సభకి మైక్ సెట్ వాళ్లని మార్చాలి, కొత్తవాళ్లని ఎలా చూసుకోవాలి?

మహేంద్రతనయ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, 250 మంది దాకా వస్తారు, పద్యాలు, పిల్లల ఏకపాత్రలు, సవర పాటలు (ఇక్కడి కొండల్లోని సవర గిరిజనులవి), చివర్లో ఫొటోల స్లైడ్‌షో. ఆరేళ్లుగా ఒకే మైక్ సెట్ వాళ్లు. పోయినేడాదితో ఇంక చాలనిపించింది. ఎనభై దాటిన మాస్టారొకరు పద్యం ఎత్తుకున్నారో లేదో మైకు కూత పెట్టింది, ఆపరేటరేమో బయట ఫోన్లో ఉన్నాడు, ఆయన మైకు పక్కకి జరిపేసి ఉత్త గొంతుతోనే పాడారు, ముందు రెండు వరసలు దాటి వినపడలేదు. నేను వెనక కూర్చుని ఆయన మెడ నరాలు ఉబ్బడం చూస్తున్నా, పద్యం మాత్రం అందట్లేదు. తర్వాత స్లైడ్‌లో తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. గిడుగు వారు సవర నేర్చుకోడానికి కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఆయన పేరు మీద పెట్టిన సభలో మాట వినపడకపోతే తల కొట్టేసినట్టుందండి.

ఇప్పుడు మూడు కొటేషన్లు వచ్చాయి. ఊళ్లోవాళ్లది 14 వేలు, పాతపట్నం నుంచి 18, బరంపురం నుంచి ఎల్ఈడీ వాల్‌తో కలిపి 45. కమిటీలో సగంమంది వాల్ కావాలంటున్నారు. ఏం అడిగి తేల్చుకోవాలి?

రాయగడ సౌండ్:
అన్నా, నేను పన్నెండేళ్లుగా మిక్సర్ దగ్గరే ఉన్నా కాబట్టి చెప్తున్నా, ముందు ఆ రోజు మిక్సర్ (మైకుల సౌండ్ సరిచేసే పెట్టె) దగ్గర ఎవరు కూర్చుంటారో అడుగు. ఓనరు వచ్చి మాట్లాడతాడు, ఫంక్షన్‌కి ఎవరో కుర్రాడిని పంపుతాడు. ఆ కూర్చునే మనిషి చేసే ఇంకో ప్రోగ్రాంకి చెప్పకుండా వెళ్లి ఆఖరి వరసలో నించో, మాట అర్థమైతే మాట్లాడుకో. బాక్సులు ఎన్ని వాట్లన్నది తర్వాతి సంగతి.

మీ హాలు రేకుల కప్పేనా? అయితే ఆగస్టు వానకి పైన మోతే సగం మింగేస్తది. స్టేజీ దగ్గర రెండు పెద్ద బాక్సులు పెట్టి సౌండ్ పెంచితే ముందువాళ్ల చెవులు పోతాయి, వెనక్కి రాదు. ఆరుబయట లెక్కలో దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పడిపోద్ది. అందుకే హాలు మధ్యలో రెండు చిన్న బాక్సులు అడుగు. కూత ఎందుకొస్తదంటే మైకు బాక్సు మొహం చూస్తుంటది, బాక్సులు మైకు కన్నా ముందుకి ఉండాలి. ఇంకోటి, చవక కార్డ్‌లెస్ మైకులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, వైఫై కూడా అక్కడే, ఖాళీ హాల్లో బాగానే ఉంటాయి గానీ జనం ఫోన్లతో వచ్చాక తెగుతాయి. వైఫై తగలని వేరే బ్యాండ్ మీద నడిచే యూహెచ్ఎఫ్ మైకులు ఉన్నాయా అని అడుగు. సవర పాటలకి స్టాండ్ మైకులే మేలు.

బరంపురం అక్క:
తమ్ముడూ, ఎల్ఈడీ వాల్ వద్దు. పీ4 అంటే చుక్కకి చుక్కకి 4 మిల్లీమీటర్లు, బొమ్మ కుదురుగా కనపడాలంటే కనీసం 4 మీటర్లు దూరం కావాలి, మీ ముందు వరస స్టేజీకి ఆనుకునే ఉంటది కదా. ప్రొజెక్టర్ చాలు, ఆ డబ్బు సౌండ్‌కి పెట్టుకోండి. డబ్బాలు రావడం వాళ్ల లాప్‌టాప్‌లో మీ తెలుగు ఫాంట్ లేక. పీడీఎఫ్ చేసి ఇవ్వండి, ముందురోజే తెర మీద వేసి ఒత్తులు చూసుకోండి, మాకు ఒకసారి ఒత్తులన్నీ పక్కకి పోయి చదవలేకపోయాం. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే బాక్సుల్లో గుయ్యిమంటే ముందు చార్జర్ తీసి చూడండి.

గుణుపురం కుర్రోడు:
కరెంట్ సంగతి ఎవరూ అనలేదేటి. జనరేటర్ రేటులో ఉందో లేదో రాయించుకోండి, లైట్లకి సౌండ్‌కి వేరే వేరే ఫేజ్ ఇవ్వమనండి. పాతపట్నం ఆంధ్రా కదా, సామాను విలువ 50 వేలు దాటితే రాష్ట్రం దాటడానికి ఈవే బిల్ (జీఎస్టీ కింద సామాను రవాణాకి తీసుకునే కాగితం) కావాలి, అది వాళ్లే చూసుకోవాలని ముందే చెప్పండి. లౌడ్ స్పీకర్ పర్మిషన్ మీరు తీసుకోండి, రాత్రి 10 కల్లా ఆపేయాలి. మూడేళ్లకి మాట ఇచ్చేయకండి, ఈ ఒక్క ఏడాదికి చూడండి, కొంత డబ్బు సభ అయ్యాకే ఇస్తామనండి.

మహేంద్రతనయ ఒడ్డు:
నిన్న పాతపట్నం వాళ్లు చేసిన పెళ్లికి వెళ్లి ఆఖర్న నించున్నా. పంతులుగారి మంత్రం అక్షరం అక్షరం వినపడింది. తర్వాత ఆ ఆపరేటర్‌తో మాట్లాడితే రేటు సంగతి ఎత్తకుండా ముందు ఎవరు పాడతారు, పెద్దవాళ్లా, నించుంటారా అని అడిగాడు. కమిటీకి అతన్నే చెప్తున్నా. ఒక్క డౌటు, మాస్టారు ఇప్పుడు నించోలేరు, కుర్చీలోనే పాడతానన్నారు. మైకు ఎలా?

రాయగడ సౌండ్:
బూమ్ స్టాండ్ అడుగు అన్నా, వంచి నోటికి జానెడు దూరంలో పెట్టించు. రాగం తీసేటప్పుడు ఆయన తల ఎటు తిప్పుతారో రిహార్సల్‌లో చూసి ఆ వైపుకి కొంచెం జరపమను.