ఆరు ‘పై’లూ ఒక ‘క్రింద’

పోతన వామనావతార ఘట్టంలో ‘రాజ్యము గీజ్యమున్’ అని ఉంది కదా, అది అచ్చుతప్పా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. తప్పు కాదండీ, పోతన కావాలని వేసిన మాటే. కాఫీ గీఫీ, పెళ్లి గిళ్లి అంటాం చూడండి, అదే ఇది. మొదటి అక్షరం హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’. ‘రా’ దీర్ఘం కనుక గీజ్యం. మూడు లోకాలేలే బలి చక్రవర్తి, గురువు ఎదుట నిలబడి, శార్దూలం లాంటి నిండైన వృత్తంలో తన రాజ్యాన్ని ఆ ఒక్క మాటతో గడ్డిపోచను చేసేశాడు.

నేను మాత్రం ఈ పద్యం ఎన్నిసార్లు చదివినా చేతి దగ్గరే ఆగిపోతాను.

ఆదిన్ శ్రీసతి కొప్పుపై, తనువుపై, నంసోత్తరీయంబుపైఁ,
బాదాబ్జంబులపైఁ, గపోలతటిపైఁ, బాలిండ్లపై నూత్న మ
ర్యాదం జెందు కరంబు గ్రిందగుట మీఁదై నా కరంబుంట మే
ల్గాదే? రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?

అప్పటికే శుక్రాచార్యుడు అంతా చెప్పేశాడు. వచ్చిన వడుగు విష్ణువు, మూడడుగులని మొత్తం పట్టుకుపోతాడు అని. తప్పుకునే దారీ చూపించాడు. ‘వారిజాక్షులందు’ పద్యంలో ప్రాణానికి, విత్తానికి, మానానికి ముప్పొచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం అంటదు అన్నాడు. గురువే అనుమతిచ్చాక ‘లేదు పో’ అనడం ఎంత సులువు! ఏమీ తెలియక ఇచ్చి ఉంటే అది మోసపోవడం అయ్యేది. అన్నీ తెలిసే ఇచ్చాడు కాబట్టే మనం ఇంకా ఈ పద్యం చదువుకుంటున్నాం.

ఇప్పుడు ‘పై’లు లెక్కపెట్టండి. కొప్పుపై, తనువుపై, ఉత్తరీయంపై, పాదాలపై, చెక్కిలిపై, పాలిండ్లపై. ఆరు. లక్ష్మీదేవి మీద ఎక్కడ ఆనినా ‘పై’నే ఉన్న విష్ణువు చేయి అది. ఆరుసార్లు చెవిలో ‘పై, పై’ అని మోగించి, మూడో పాదంలో ‘క్రింద’ అంటాడు. వెంటనే ‘మీఁదై నా కరంబుంట’. దానం పట్టే చేయి కింద, ఇచ్చే చేయి పైన. బలి ఏది ఎంచుకున్నాడో ఆ రెండు మాటల్లోనే ఉంది.

నాకు ఇది పుస్తకంలో కాదు, మా అమ్మమ్మ వాకిట్లో అర్థమైంది. ధనుర్మాసంలో హరిదాసు వచ్చేవాడు. తలమీది అక్షయపాత్ర కిందికి దించడు కదా, మాకోసం ముగ్గు పక్కన మోకాళ్ల మీద వంగేవాడు. అమ్మమ్మ నా దోసిట్లో బియ్యం పోసి, మణికట్టు కింద తన చేయి ఆనించి పైకెత్తేది. నాలుగు గింజలు అతని భుజం మీద జారేవి. అంత పెద్దమనిషి తల నా చేతి కిందికి రావడం అప్పట్లో భయంగా ఉండేది.

— చాలా బాగుందండీ. చివర ‘నా పాయమే’ అంటే ఏమిటి? నా ప్రాయం అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

విడగొట్టి చదవకండి అమ్మా. న + అపాయము, నాపాయము. అపాయం లేనిది అని. ‘శరీరం ఏమైనా చావులేనిదా?’ అని అడుగుతున్నాడు.

— పోతన తన గురించి చెప్పుకున్నదీ ఇదే కదండీ? ‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి’?

సరిగ్గా పట్టుకున్నారు! ఆ పద్యంలో ‘ఇచ్చి’ రెండుసార్లు వస్తుంది. కావ్యాన్ని రాజులకు ‘ఇచ్చి’, అంటే అంకితమిచ్చి, అన్నచోట వెనకే పురాలు, వాహనాలు, సొమ్ములు ‘పుచ్చుకొని’ అని ఉంది. ‘శ్రీహరి కిచ్చి’ తర్వాత పుచ్చుకోవడం లేదు, నేరుగా ‘చెప్పె’. రాజుల ముందు చేయి కింద పెట్టనన్న కవి కాబట్టే బలి చేతిని అంత దగ్గరగా చూశాడని నా నమ్మకం. అక్కడ పుచ్చుకునేవాడు హరి, ఇక్కడా హరే.

ఒక్కటి అడగాలని ఉంది. ఇవాళ ‘పైచేయి’ అంటే గెలుపు, ఆధిక్యం. ‘వాళ్లదే పైచేయి’ అంటాం. ఇచ్చే చేయి అన్న అర్థంలో మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎవరైనా ఆ మాట వాడగా విన్నారా? వింటే ఏ ఊరి వైపో, ఏ సందర్భంలోనో కూడా రాయండి.