ఏ నొప్పీ లేని మనిషికి క్యాన్సర్ పరీక్ష ఎందుకు?

గట్టుమీదమ్మ: మాది అమలాపురం దగ్గర పల్లె. ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. వచ్చే మంగళవారం మా ఊళ్ళో 30 దాటిన ఆడవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. "నాకేం రోగమొచ్చిందని?" అంటున్నారు. రోగం ముదరకముందు చూపించుకుంటేనే కదా ఉపయోగం! మీ ఇళ్ళలో వాళ్ళని పంపిస్తారా?

లంకరైతు: పంపను. బాగున్న మనిషిని కూర్చోబెట్టి వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. పైగా ఆ ముఖద్వారం పరీక్ష ఏంటో తెలుసా? వెనిగర్ పూసి చూడడం. నూడుల్స్ బండి మీద ఉండే వెనిగరే.

గట్టుమీదమ్మ: అవును, అదే ఎసిటిక్ యాసిడ్. 3 నుంచి 5 శాతం ఉన్నది దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతాం. కణాలు మారిన చోటు సున్నం రాసినట్టు తెల్లబడుతుంది, మిగతాది గులాబీ రంగులోనే ఉంటుంది. ల్యాబ్ అక్కర్లేదు, అక్కడే తెలిసిపోతుంది. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రెండేళ్ళకోసారి ఇదే పరీక్ష చేయించారు. రెండో గుంపుతో పోలిస్తే ఆ గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు.

కొబ్బరితోట: ముందు నీళ్ళ సంగతి తేల్చండి. 2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్లు ఎక్కువగా ఉన్నాయని గోల అయితే ఇంటింటికీ సర్వేకి వచ్చారు. చెరువుల్లో, చేలల్లో కొట్టే మందుల గురించి ఎవరూ మాట్లాడరేం?

పాయకట్టు: దానికి వేరే చర్చ పెట్టండి బాబూ. ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి టీకా కూడా ఉంది.

లంకరైతు: నేను వెనిగర్ దగ్గరే ఉన్నాను. తెల్లబడితే క్యాన్సరేనా? అవునో కాదో చెప్పండి.

గట్టుమీదమ్మ: కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నా తెల్లబడొచ్చు. అందుకే తర్వాత కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దగా చూపించే పరికరంతో చూడడం, అవసరమైతే ముక్క తీసి పరీక్ష. అలా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. నిజంగా మార్పు ఉన్నా అది క్యాన్సర్‌గా ముదరడానికి చాలాసార్లు పదేళ్ళ పైనే పడుతుంది. ఆలోపు చిన్న చికిత్సతో పోతుంది.

లంకరైతు: అంటే తప్పు చెప్పే పరీక్ష అని మీరే ఒప్పుకున్నారు.

గట్టుమీదమ్మ: మీతో వాదించలేను. మీ పేరు చూస్తే లంక పొగాకు వేసేవారిలా ఉన్నారు. క్యాంపు పెడితే చుట్టల మాట కూడా వస్తుందని భయమా? మా అక్కకి ముట్లాగిన మూడేళ్ళకి మళ్ళీ రక్తం కనపడింది. రెండేళ్ళు దాచింది. తెల్లారకముందే కాలవ రేవుకెళ్ళి పాత చీర ముక్కలు ఉతుక్కునేదట. పక్క వీధిలో ఏఎన్ఎంని నేనున్నాను, నాకే చెప్పలేదు. తెలిసేసరికి మూడో స్టేజి.

లంకరైతు: పొగాకు మా నాన్నతోనే ఆఖరు. నేను అరటి వేస్తాను. మా ఆవిడని మూడేళ్ళ క్రితం క్యాంపుకి బండి మీద నేనే తీసుకెళ్ళాను. అందరి ముందూ పేరు పెట్టి పిలిచి చీటీ ఇచ్చారు. "పాజిటివ్, పెద్దాసుపత్రికి వెళ్ళండి." ఏ గదికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో ఒక్కరూ చెప్పలేదు. ఆరు వారాలు తిరిగాం. చివరికి ముక్క తీసి, ఏమీ లేదన్నారు. ఈలోగా ఊరంతా పాకింది. మా పెద్దమ్మాయికి అనుకున్న సంబంధం "తల్లికి క్యాన్సరట కదా" అని వెనక్కి పోయింది. ఆ చీటీ ఇంకా బీరువాలో పసుపు కుంకుమ డబ్బా కింద ఉంది. పారెయ్యనివ్వదు.

గోదారమ్మాయి: అయ్యో. కానీ అండీ, అది పరీక్ష తప్పు కాదు కదా.

లంకరైతు: పరీక్ష తప్పని నేనెప్పుడన్నాను?

పాయకట్టు: పొద్దుట్నుంచీ అదే అంటున్నారు.

లంకరైతు: సరే, అన్నాను. నా బాధ చీటీ చేతిలో పెట్టి వదిలేసిన దాని గురించి. వెంట వచ్చే మనిషి లేనప్పుడు క్యాంపు పెట్టకండి.

గట్టుమీదమ్మ: పొగాకు మాట అన్నందుకు క్షమించండి. అలాంటి చీటీలు నేనూ రాశాను. పంపినట్టు రిజిస్టర్లో టిక్కు పెట్టుకున్నాను, వెళ్ళారో లేదో అన్నిసార్లూ కనుక్కోలేదు. కానీ మనిషి దొరికేదాకా ఆపమంటే నేను ఒప్పుకోను. ఈలోపు మా అక్కలాంటివాళ్ళు రేవులో గుడ్డలు ఉతుక్కుంటూనే ఉంటారు. మంగళవారం చీటీలు లోపలి గదిలో, ఒక్కొక్కరికే ఇప్పిస్తాను. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళే రోజు నేనూ బస్సెక్కుతాను.

లంకరైతు: ఎంతమందికని ఎక్కుతారమ్మా?

గట్టుమీదమ్మ: ఈ మంగళవారం వాళ్ళకి ఎక్కుతాను. మీ ఆవిడగారు వస్తారా? పరీక్షకి కాదు, చీటీ వచ్చినవాళ్ళ పక్కన కూర్చోడానికి.

లంకరైతు: రాదండి. క్యాంపు అన్న మాట వింటేనే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. చీటీ వచ్చి భయపడేవాళ్ళు ఎవరైనా ఉంటే మా ఇంటికి పంపండి. మాట్లాడుతుంది.