మళ్ళీ మహమ్మారి వస్తే పక్షవాతం కేసులకు 108 బండ్లు విడిగా ఉంచాలా?

గోదారిగట్టు:
2020, 21లో చాలా 108 బండ్లు కోవిడ్ రోగుల కోసం తిరిగాయి. మళ్ళీ అలాంటి రోజులొస్తే ప్రతి జిల్లాలో కొన్ని బండ్లను పక్షవాతం, గుండెపోటు కేసులకే ఉంచాలని నా వాదన. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఇచ్చేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. అదైనా సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే ఇస్తారు. బండి కోవిడ్ ట్రిప్పులో ఉందంటే ఆ టైమ్ పోయినట్టే కదా?

నైట్‌డ్యూటీ_ఈఎంటీ:
విడదీయడం కాగితం మీద బాగుంటుందండీ. పక్షవాతం వచ్చిన మనిషికి కోవిడ్ లేదని ఫోన్‌లో ఎవరు తేల్చాలి? కోవిడ్ వల్లే రక్తం గడ్డకట్టి స్ట్రోక్ వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందుకే 108లో మేం ఏ కేసైనా ఒళ్ళంతా కప్పే రక్షణ కిట్ వేసుకునే వెళ్ళాం. మూతి వంకర పోయిందా అని చూడాలంటే ముందు రోగి మాస్కు తీయించాలి. మన కళ్ళద్దాలకేమో ఆవిరి పట్టేస్తుంది. రెండు మాస్కుల వెనక నుంచి "మీ పేరు చెప్పండి" అంటే ఆయనకు వినపడదు. జవాబు రాకపోతే మాట పడిపోయిందనుకోవాలా, వినపడలేదనుకోవాలా?

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పోయింది ఇళ్ళలోనే. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అంటే "నిన్న సాయంత్రం నుంచి బాబూ, ఆస్పత్రికెళ్తే కరోనా అంటుకుంటుందని ఆగాం" అనేవాళ్ళు. అప్పటికి బండి రెండు నిమిషాల్లో వచ్చినా లాభమేముంది?

పాలమూరు_పిల్ల:
అన్నా, తప్పంతా జనం మీదకు నెట్టకండి. 2021 మేలో కర్నూలు వైపు నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులోని పుల్లూరు టోల్‌గేటు దగ్గర పోలీసులు ఆపలేదా? హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్ ఖాయమైనట్టు చూపితేనే వదులుతామన్నారు. హైకోర్టు స్టే ఇస్తే గానీ దారి తెరుచుకోలేదు. ఆ రూలు కోవిడ్ రోగులకే కావచ్చు, టీవీలో ఆ క్యూలు చూసినవాళ్ళు మాత్రం వేరే జబ్బుకైనా బయల్దేరతారా? మా పెదనాన్నను ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే కోవిడ్ రిపోర్టు లేనిదే స్ట్రెచర్ దించనివ్వలేదు. స్కాన్ మిషన్ లోపలే ఉంది, మేం గేటు బయట.

ఎన్ఆర్ఐ_కృష్ణ:
భయం ఒక్క మన దగ్గరే కాదు. 2020 మార్చి, ఏప్రిల్‌లలో చాలా దేశాల్లో ఆస్పత్రికి వచ్చే స్ట్రోక్ కేసులు తగ్గిపోయాయి. మరీ తగ్గింది చిన్న లక్షణాలున్నవాళ్ళు. కాసేపు చెయ్యి తిమ్మిరెక్కి తగ్గిపోతే ఇంట్లోనే ఉండిపోయారు. పెద్ద స్ట్రోక్ రాకుండా ఆపగలిగేది ఆ దశలోనే.

గోదారిగట్టు:
సరే, 2020 జూలైలో ఆంధ్రాలో 108, 104 కలిపి వెయ్యికి పైగా బండ్లు ఒకేసారి రోడ్డెక్కాయి. బండ్లు పెరగడం మంచిదే. వాటిలో కొన్ని విడిగా ఉంచితే పోయేదేముంది అనే ఇప్పటికీ అంటాను. ఆస్పత్రి గేటు సంగతి మాత్రం పాలమూరు గారిదే కరెక్టు. బండి బయల్దేరగానే ఆస్పత్రికి ఫోన్ వెళ్ళాలి, టెస్టు శాంపిల్ తీస్తూనే స్కాన్‌కు పంపాలి. రిపోర్టు వచ్చేదాకా కోవిడ్ ఉన్నట్టే జాగ్రత్తలు తీసుకుంటే సరిపోతుంది.

నైట్‌డ్యూటీ_ఈఎంటీ:
దానికి ఒప్పుకుంటా. ఇంకో ముక్క కలపండి. తోడొచ్చినవాళ్ళను గేటు దగ్గర ఆపేసేవారు, రోగికేమో మాట లేదు. చివరిసారి ఎన్నింటికి బాగున్నాడో డాక్టరుకు చెప్పేవాళ్ళుండరు, అది తెలియకపోతే ఇంజెక్షన్ ఇవ్వడానికి వెనకాడతారు. అందుకే ఆ టైమూ, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరూ కేసు షీటు మీద పైనే పెద్దగా రాసి పంపేవాణ్ణి. దీనికి వేరే బండి అక్కర్లేదు.