వానల్లో సైకిల్ మూలన పడింది, కాళ్ళ బలం పోకుండా ఏం చేయాలి?

వేళచ్చేరి రైడర్: అన్నలూ, నాకు 48. చెన్నైలో నవంబర్, డిసెంబర్ సంగతి తెలుసుగా, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మహాబలిపురం దాకా తొక్కేవాణ్ణి, ఇప్పుడు నీళ్ళల్లో గుంట ఎక్కడుందో కూడా కనపడట్లేదు. జిమ్‌కి వెళ్ళనా, పరుగు మొదలెట్టనా?

అడయార్ నుంచి: జిమ్మే అన్నా, ఇంకో ఆలోచన వద్దు. సైకిల్ మీద బరువు చాలావరకు సీటే మోస్తుంది కాబట్టి ఎముకలకి పని తక్కువ, పైగా మన వయసులో కండ కరుగుతూ వస్తుంది. వారానికి 2 సార్లు స్క్వాట్ (భుజాల మీద రాడ్‌తో గుంజీలు), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ని పైకెత్తడం) చాలు. మొదట్లో ఖాళీ రాడ్‌తోనే, నడుము వంగకుండా తుంటి వెనక్కి తోసి దిగడం వచ్చాకే ప్లేట్లు వెయ్యాలి.

తాంబరం వాసి: పరుగు మాత్రం జాగ్రత్తండీ. తొక్కీ తొక్కీ గుండె, ఊపిరి రెడీగానే ఉంటాయి గానీ పిక్కలు, చీలమండలు ఆ అదురుకి అలవాటు పడలేదు, ఆయాసం రావట్లేదు కదా అని లాగిస్తే పిక్క పట్టేస్తుంది. 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, అలా మొదలెట్టండి. అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడం ఇంకా మేలు, దిగేటప్పుడు లిఫ్ట్ వాడితే మోకాళ్ళకి హాయి.

వేళచ్చేరి రైడర్: థాంక్సండీ, మెట్లు ఈ రాత్రే మొదలు. డెడ్‌లిఫ్ట్‌కి ట్రైనర్ కావాలా?

అడయార్ నుంచి: మొదటి నెలైతే తప్పకుండా అన్నా.