ట్రాన్స్ వాళ్లని అర్థం చేసుకునే థెరపిస్ట్‌ని ఎలా వెతకాలి?

ప్రశ్న:
నేను ట్రాన్స్ మహిళని. ఆఫీసు టెన్షన్‌తో నిద్ర పట్టక థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే, సెషన్ అంతా "ఎప్పటినుంచి ఇలా అనిపిస్తోంది, సర్జరీ అయిందా" అనే ప్రశ్నలతోనే గడిచిపోయింది, నిద్ర సంగతి ఎత్తనే లేదు. ఫీజు కట్టి మరీ ఆవిడకి నేనే పాఠం చెప్పి వచ్చినట్టుంది. మంచివాళ్లని ముందే ఎలా గుర్తుపట్టాలి?

జవాబు 1:
అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోన్‌లో అడిగేయండి: ట్రాన్స్ క్లయింట్లతో పనిచేశారా, హార్మోన్ చికిత్స మొదలుపెట్టడానికి డాక్టర్‌కి చూపించే లెటర్ కావాలంటే రాస్తారా అని. "నాకు అందరూ సమానమే" అని ఊరుకుంటే నేనైతే వెళ్లను. మంచి మాటే గానీ, అది అనుభవం కాదు కదా.

జవాబు 2:
ట్రాన్స్‌గా ఉండటం జబ్బు, మార్చేస్తాం అనేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థే తన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది, 2022 నుంచి అమల్లో ఉంది.

జవాబు 3:
లెటర్ రాసేవాళ్లూ, మనం మనసు విప్పి మాట్లాడేవాళ్లూ ఒకరే అయితే ఇంకో చిక్కు ఉందండి. ఎక్కడ కాదంటారో అన్న భయంతో దిగులూ సందేహాలూ దాచేస్తాం, ఇక ఆ థెరపీ వల్ల ఏం లాభం? కుదిరితే ఇద్దరినీ వేరుగా చూసుకోండి. దగ్గర్లో దొరక్కపోతే ఆన్‌లైన్ సెషన్లు చేసేవాళ్ల కోసం తోటి ట్రాన్స్ వాళ్లని అడగండి.